గాలి తుపాకి: ముషలకము, కవాటము

తుపాకి యనగానే మనకు మందు, నిప్పు, పొగ, చప్పుడు స్ఫురించును. కాని మందు లేకుండ, నిప్పు లేకుండ, కేవలము గాలి బలముతో గుండును విసరు సాధనములు చాల కాలమునుండి లోకములో ఉన్నవి. వానిలో మిక్కిలి సామాన్యమైనది పిల్లలు వెదురు గొట్టముతో చేసికొను ఆటవస్తువు. మిక్కిలి నాజూకైనది ఒలింపిక్ క్రీడలలో పది మీటర్ల దూరమునుండి గురిచూచి కొట్టు గాలి రైఫిలు. ఈ రెంటికిని వెలలోను పనితనములోను హస్తిమశకాంతర మున్నను, లోపల నున్న సూత్రము ఒక్కటే.

పాలకుర్తి ప్రాంతమునుండి శ్రోత యొకరు ఇటీవల మాకొక ప్రశ్న పంపిరి. బావి మోటారుకు వాడగా మిగిలిన ప్లాస్టిక్ గొట్టములు, పాత సైకిలు ట్యూబునుండి కోసిన వాలు, ఒక గాలి పంపు, వీనిని చేర్చి తొమ్మిదవ తరగతి చదువుచున్న కుమారుడు గాలి తుపాకి చేయుదునని పట్టుబట్టుచున్నాడట. వద్దనవలెనా, చేయనీయవలెనా, అసలు అది ఎట్లు పనిచేయును అని ఆ తండ్రిగారి ప్రశ్న. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండి, 2016లో జనగామ జిల్లాలో చేరిన ఆ ప్రాంతము బావులమీదను బోర్లమీదను ఆధారపడిన మెట్టసీమ. అట్టి గొట్టపు ముక్కలు దొడ్డిలో పడియుండని రైతు ఇల్లు అరుదు. కనుక ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటికే చెందినది కాదు. అది ఎట్లు పనిచేయునో తెలిసిననే గాని వద్దనవలెనో, వలదో చెప్ప వీలులేదు. కావున ముందుగా పనిచేయు విధమును చూతము.

మొదట మాట పుట్టుక. తుపాకి అను పదము మనకు తురుష్క భాషనుండి పారసీకము మీదుగా వచ్చినది. టర్కీ దేశమున నేటికిని తుపాకిని 'తుఫెక్' అందురు. పదునొకండవ శతాబ్దిలో మహమూద్ అల్ కాష్గరీ కూర్చిన తురుష్క నిఘంటువులో ఈ పదముయొక్క పూర్వరూపము కనబడును. అచ్చట దాని అర్థము మందుగుండు ఆయుధము కాదు. పిచ్చుకలను కొట్టుటకై నోటితో ఊదు గొట్టము. అనగా తుపాకి యను మాట పుట్టినప్పుడు అది గాలి తుపాకియే. మందుగుండు ఆయుధములు వచ్చిన పిమ్మట పాత పేరు కొత్త వస్తువునకు సంక్రమించినది.

ఆ పాత అర్థము ఇప్పటికిని సజీవముగా నున్న చోటు మన పొరుగుననే కలదు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో బస్తరు సీమకు ముఖ్యపట్టణమైన జగదల్‌పూరున ఆషాఢమాసములో జగన్నాథుని రథయాత్ర జరుగును. దానిని గోంచా పండుగ యందురు. ఆ వేడుకలో పిన్నలు, పెద్దలు వెదురు గొట్టములతో కాయలు పేల్చి స్వామికి వందన మర్పింతురు. ఆ గొట్టము పేరు 'తుప్కి'. 1323లో ఢిల్లీ సైన్యము ఓరుగల్లు కోటను పట్టుకొనిన పిమ్మట, ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుడు బస్తరు చేరి రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశపు ఐతిహ్యము. ఆ వంశమువాడైన పురుషోత్తమదేవుడు పూరీ యాత్ర చేసి వచ్చి అచ్చట రథయాత్రను నెలకొల్పెనని అక్కడివారు చెప్పుకొందురు. కనుక ఓరుగల్లు సీమవారికి తుప్కి పరాయి వస్తువు కాదు.

తుప్కి నిర్మాణమును చూడుడు. రెండు వైపుల తెరచియున్న సన్నని వెదురు గొట్టము ఒకటి. అందులో దూరు కర్ర యొకటి. పెంగు అను అడవి తీగ కాయలు దానికి గుండ్లు. నూనె గింజలకై వైద్యు లెరిగిన మాలకంగుని తీగ యిదియే. మొదట ఒక కాయను గొట్టములో పెట్టి కర్రతో చివరివరకు నెట్టుదురు. అది అచ్చట బిరడావలె బిగిసి నిలుచును. పిదప రెండవ కాయను వెనుకనుండి పెట్టి కర్రతో వేగముగా నెట్టుదురు. రెండు కాయల నడుమ చిక్కిన గాలికి పోవుటకు దారి లేదు. నెట్టినకొలది అది కుదించుకొనిపోవును. కుదించుకొనిపోయినకొలది తిరిగి విచ్చుకొనుటకు పెనుగులాడును. బిగువు ఇక ఆపలేని క్షణమున ముందటి కాయ టప్పుమని ఎగిరిపోవును. వెనుకటి కాయ దాని స్థానమునకు చేరి, మరుసటి దెబ్బకు తానే గుండగును.

ఇందులోని లెక్క సులభము. గొట్టములో గాలి నిలిచిన పొడవు 20 సెంటీమీటర్లనుకొందము. మొదట లోపలి గాలి, బయటి గాలి ఒకే ఒత్తిడిలో నుండును. ఆ ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు సుమారు 1 కిలో బరువు. రెండవ కాయను 10 సెంటీమీటర్లు నెట్టగా గాలి సగము చోటిలో ఇమిడినది, ఒత్తిడి రెండింతలైనది. 15 సెంటీమీటర్లు నెట్టగా నాల్గవవంతు చోటు మిగిలినది, ఒత్తిడి నాలుగింతలైనది. వేడి మారనంతవరకు వాయువుయొక్క ఘనపరిమాణ మెన్నివంతులు తగ్గునో ఒత్తిడి అన్నింతలు పెరుగునను ఈ నియమమును 1662లో రాబర్టు బాయిల్ ప్రకటించెను. బయటనుండి ఎదురునెట్టు 1 కిలోను తీసివేయగా, ముందటి కాయమీద చదరపు సెంటీమీటరునకు 3 కిలోల నెట్టుడు మిగులును. కాయ అడ్డుకోత అర చదరపు సెంటీమీటరైనచో దానిమీద పడు బలము కిలోన్నర. గ్రామైనను తూగని కాయకు ఆ బలము చాలును.

ఈ ఆటవస్తువులో ప్రతి గాలి యంత్రమునకును కావలసిన రెండు అవయవములు కలవు. గొట్టములో ముందువెనుకలకు జరుగుచు గాలిని నెట్టునది మొదటిది. దీనిని వాడుకలో పిస్టన్ అందురు. మన శాస్త్రగ్రంథములలో ముషలకమని పేరు. ముసలమనగా రోకలి, రోటిలో రోకలివలె గొట్టములో కదలునది కనుక ముషలకము. రెండవది గాలిని ఒకప్పుడు ఆపి, ఒకప్పుడు విడుచునది. అది కవాటము, వాడుకలో వాల్వు. కవాటమనగా తలుపని మన మెరిగినదే. తుప్కిలో వెనుకటి కాయ, కర్ర కలిసి ముషలకము. ముందటి కాయ గుండు మాత్రమే గాక కవాటము గూడ. బిగువుగా నున్నంతసేపు అది మూసిన తలుపు. ఎగిరిన మరుక్షణమున తెరచిన తలుపు.

ఈ రెండు అవయవములు మన యిండ్లలో ఎన్నో రూపములలో తిరుగుచున్నవి. కమ్మరి కొలిమితిత్తిని చూడుడు. తిత్తి లోపల రంధ్రముమీద చిన్న తోలు రెప్ప వ్రేలాడుచుండును. తిత్తిని విప్పినప్పుడు రెప్ప తెరచుకొని గాలి లోనికి వచ్చును. నొక్కినప్పుడు అదే గాలి రెప్పను మూసివేసి కొలిమివైపు గొట్టమున బయటికి పోవును. సైకిలు పంపులో పనితన మింకను సూక్ష్మము. కడ్డీ చివర గిన్నె ఆకారమున తోలు వాసరుండును. నెట్టునప్పుడు దాని అంచు విచ్చుకొని గొట్టపు గోడ కంటుకొనును. గాలి వెనుకకు జారదు. లాగునప్పుడు అంచు ముడుచుకొనును. ప్రక్కనుండి కొత్త గాలి లోనికి చొచ్చును. ఒక్క తోలుముక్క ముషలకమును, కవాటమును తానే అగుచున్నది. అందుకే వాసరు ఎండిపోయినచో పంపు పనిచేయదు. రెండు చుక్కల నూనె వేసి మెత్తబరచినచో మరల ప్రాణము వచ్చును.

పంపినుండి వచ్చిన గాలిని ట్యూబులో నిలుపునది మరొక కవాటము. పాత పద్ధతి సైకిలు వాలును విప్పి చూచినచో చిన్న లోహపు కాడ, దాని ప్రక్కన సూదిబెజ్జము, ఆ బెజ్జమును కప్పుచు సన్నని రబ్బరు తొడుగు కనబడును. ఆ తొడుగే మనవారు వాల్‌ట్యూబు అనునది. పంపు గాలి బెజ్జమునుండి వచ్చి రబ్బరును కొంచెము లేపి లోపలికి పోవును. లోపలి గాలి వెనుకకు రాబోయినచో రబ్బరునే బెజ్జమునకు అదిమివేయును. గాలి తన దారిని తానే మూసికొనుచున్నది. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నున్న జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరును వాడుకలోనికి తెచ్చినప్పటినుండి ఇట్టి కవాటములు లోకమంతట వ్యాపించినవి.

పంపు కొట్టునప్పుడు దాని అడుగుభాగము వేడెక్కుట అందరికి అనుభవమే. ఆ వేడి రాపిడివలన మాత్రమే కలిగినది కాదు. గాలిని త్వరితముగా కుదించినప్పుడు మనము చేసిన పని గాలిలో వేడియై నిలుచును. పొలములలో తిరుగు డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ వెలిగించు సాధనము లేకుండనే నూనె మండుట ఈ కారణముననే. ముషలకము గాలిని పదునైదు, ఇరువదవ వంతు చోటిలోనికి ఒక్కుమ్మడి కుదించగా, అందులో చిమ్మిన నూనె తనంతట అంటుకొనును. కుదించిన గాలి ఎంతటి శక్తిని దాచుకొనగలదో ఇందువలన తెలియుచున్నది.

ఇప్పుడు గాలి తుపాకికి వత్తము. తుప్కిలో నెట్టిన చేయి ఆగిన క్షణమున బలము ముగియును. గాలిని ముందుగానే ఒక పాత్రలో నింపి, కావలసినప్పుడు విడిచిన నెక్కువ బలము లభించును. నింపుటకు సైకిలు వాలు చాలును. కష్టమంతయు విడుచుటలోనే కలదు. పాత్రకు, నాళమునకు నడుమ ఒక మామూలు కుళాయిని పెట్టితిమనుకొందము. సగటున సెకనునకు 50 మీటర్ల వేగముతో పోవు గుండు ఒక మీటరు నాళమును సెకనులో ఏబదవ వంతు కాలమున దాటిపోవును. చేతితో కుళాయిని త్రిప్పుటకు సెకనులో నాల్గవవంతైనను పట్టును. కుళాయి సగమైనను తెరువకమునుపే, సందునుండి మెల్లగా కారిన గాలితో గుండు దొర్లి బయటపడును. మిగిలిన గాలి వట్టి బుస్సుమని పోవును.

వెడల్పైన తలుపును ఒక్క లాగుతో తెరువరాదా యని అడుగవచ్చును. అది సులభము కాదు. పాత్రలోని గాలి బయటి గాలికంటె చదరపు సెంటీమీటరునకు 5 కిలోలు ఎక్కువ ఒత్తిడిలో నున్నదనుకొందము. నాళపు నోరు 4 చదరపు సెంటీమీటర్లు. దానిని మూసిన తలుపును గాలి 20 కిలోల బలముతో అదిమి పట్టుకొనియుండును. దానిని వ్రేలితో క్షణములో తొలగించుట మనిషికి సాధ్యము కాదు. ఇచ్చటనే పనివారి బుద్ధి తోడుపడినది. తలుపును మూయుచున్న గాలిచేతనే తలుపును తెరిపింపవలెను. ఆ ఉపాయమే ముషలక కవాటము, వాడుకలో పిస్టన్ వాల్వు.

దాని ఏర్పాటిట్లుండును. నాళపు వెనుకటి నోటికెదురుగా ఒక ముషలకము నిలుచును. దాని ముఖము నాళపు నోటిని మూయును. ముషలకము అడ్డుకోత 10 చదరపు సెంటీమీటర్లు. నాళపు నోరు 4. పాత్రలోని గాలి నాళపు నోటిచుట్టు మిగిలిన 6 చదరపు సెంటీమీటర్ల వలయముమీద మాత్రమే పడి ముషలకమును వెనుకకు నెట్టును. ఆ బలము 30 కిలోలు. ముషలకమునకు వెనుక ఒక చిన్న గది. అందులోను అదే ఒత్తిడిగల గాలి నిండియుండును. అది పూర్తి 10 చదరపు సెంటీమీటర్లమీద పడి 50 కిలోల బలముతో ముందునకు నెట్టును. లెక్కలో 20 కిలోల బలము మిగిలి తలుపును గట్టిగా మూసియుంచును.

ఇప్పుడు వెనుకటి చిన్న గదిలోని గాలిని మాత్రము ఒక చిన్న రంధ్రముద్వారా బయటికి విడుతము. ఆ గదిలో ఒత్తిడి 5 నుండి 4కు, 4 నుండి 3కు దిగును. 3 వద్ద రెండు వైపుల బలములు సమానములగును. ఆపై ఏ మాత్రము తగ్గినను ముషలకము వెనుకకు కదలును. అది వెంట్రుకవాసి కదలిన తోడనే పాత్రలోని గాలి వలయమును దాటి ముఖమంతటను వ్యాపించును. 30 కిలోలుగా నున్న నెట్టుడు 50 కిలోలకు సమీపించును. కదలినకొలది నెట్టుడు పెరుగును. నెట్టుడు పెరిగినకొలది కదలిక హెచ్చును. రెప్పపాటుకంటె తక్కువ కాలమున తలుపు పూర్తిగా తెరచుకొని, గాలి యంతయు ఒక్కుమ్మడి నాళమున ప్రవేశించును. చిన్న గదినుండి చిటికెడు గాలిని విడుచుటయే ఆజ్ఞ. బరువు పని యంతయు పెద్ద పాత్రలోని గాలి చేయును.

ఈ ఉపాయము తుపాకులకొరకే పుట్టినది కాదు. ఓరుగల్లు సీమలోనే, కాజీపేట జంక్షనులో ఆగిన ప్రతి రైలుక్రింద దీని జ్ఞాతి యొకటి పనిచేయుచున్నది. 1869లో అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ గాలి బ్రేకునకు హక్కుపత్రము పొందెను. ఆ మొదటి పద్ధతిలో ఇంజనునుండి గాలిని పంపినప్పుడు బ్రేకులు పడెడివి. గొట్టము తెగినచో బ్రేకులే లేవు. 1872లో ఆయన పద్ధతిని తలక్రిందులు చేసెను. ప్రతి పెట్టెక్రింద ఒక గాలిపాత్రను, ఒక ముషలక కవాటమును ఉంచెను. రైలు పొడవునను పోవు గొట్టములో గాలి నిండియున్నంతసేపు బ్రేకులు విడిచియుండును. డ్రైవరు ఆ గొట్టమునుండి కొంత గాలిని వదలగానే కవాటములోని ముషలకము జరిగి, పెట్టెక్రింది పాత్రలోని గాలిని బ్రేకునకు పంపును. రెండు పెట్టెలు విడిపోయి గొట్టము తెగినను ఒత్తిడి పడిపోవును. రెండు ముక్కలును తమంతట ఆగును. మన దేశమున చాల కాలము శూన్యపు బ్రేకులు నడచి, తరువాత గాలి బ్రేకులు వచ్చినవి. ఇప్పుడు మన రైళ్ళ బ్రేకుగొట్టములో చదరపు సెంటీమీటరునకు 5 కిలోల ఒత్తిడి నుంతురు. వేలకొలది జనుల ప్రాణములు నేడు ఈ కవాటముమీద ఆధారపడియున్నవి.

గాలి తుపాకి యుద్ధభూమిలో గూడ ఒకప్పుడు నడచినది. 1780 ప్రాంతమున ఆస్ట్రియా సైన్యము బార్తొలోమియో గిరార్దోని చేసిన గాలి రైఫిలును స్వీకరించెను. దాని వెనుకభాగమే గాలిపాత్ర. దానిని నింపుటకు సుమారు 1,500 సార్లు పంపు కొట్టవలెను. పొగ లేదు, మెరుపు లేదు. ఇరువది గుండ్లను వెంటవెంట కొట్టవచ్చును. 1804 నుండి 1806 వరకు అమెరికా పడమటి భూములను అన్వేషించిన లూయిస్, క్లార్కుల బృందము గూడ ఒక గాలి రైఫిలును వెంట గొనిపోయి దారిలోని తెగలవారికి ప్రదర్శించెను. అయినను ఈ ఆయుధము నిలువలేదు. అంతటి ఒత్తిడికి ఆగు పాత్రను చేయుట, తోలు బిగింపులు కారకుండ కాపాడుట ఆనాటి పనివారికి పెనుభారమైనది. రాజ్యముయొక్క ధనము, ఉత్తమ లోహకారుల నైపుణ్యము తోడైనను కష్టమైన భాగము గాలిపాత్రయే. ఈ విషయమును మన శ్రోత ప్రశ్నకొరకు జ్ఞాపకముంచుకొందము.

నేడు గాలి తుపాకి క్రీడాస్థలమున గౌరవము పొందినది. 2008 బీజింగు ఒలింపిక్ క్రీడలలో అభినవ్ బింద్రా మన దేశమునకు మొట్టమొదటి వ్యక్తిగత స్వర్ణపతకము తెచ్చినది పది మీటర్ల గాలి రైఫిలు పోటీయందే. 2012 లండను క్రీడలలో హైదరాబాదువాడైన గగన్ నారంగ్ అదే పోటీలో కాంస్యము గెలిచెను. హైదరాబాదు యువతి ఈషా సింగు 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో పది మీటర్ల గాలి పిస్తోలు పోటీలో రజతము పొందెను. వారు వాడు రైఫిలు గురికి నడిమి చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. అట్టి ఆయుధములలో గాలిపాత్ర పరీక్షింపబడిన లోహముతో చేసినది. దానికి వాడుక గడువు గూడ నిర్ణయింపబడియుండును.

ఇక అసలు ప్రశ్న. ప్లాస్టిక్ గొట్టములో గాలిని నింపవచ్చునా? 'ఈ గొట్టము బోరునీటి ఒత్తిడికి ఆగుచున్నది గదా, గాలికేల ఆగదు?' అని చాలమంది వాదింతురు. ఇది పొరపాటు. ఒత్తిడి ఒక్కటే యైనను నీటిలో దాగు శక్తి వేరు, గాలిలో దాగు శక్తి వేరు. నీరు దాదాపు కుదించుకొనిపోదు. ఒక లీటరు నీటిని బయటి గాలికంటె 7 వాతావరణముల ఎక్కువ ఒత్తిడికి గురిచేసినచో అందులో దాగు శక్తి జౌలులో పదవవంతు మాత్రమే. గొట్టము పగిలినను చిమ్మి ఊరకుండును. అదే ఒత్తిడిలో ఒక లీటరు గాలి దాచు శక్తి 500 జౌళ్ళకు మించును. అనగా నీటికంటె సుమారు ఐదువేల రెట్లు. 50 కిలోల బియ్యపు బస్తా ఒక మీటరు ఎత్తునుండి పడినంత దెబ్బ. అది ఒక్క క్షణములో, గొట్టపు పెంకులను వెంటబెట్టుకొని అన్ని దిక్కులకును వచ్చును.

పైగా ఈ ప్లాస్టిక్ లోహమువలె సాగి చీలదు. గాజువలె పెళుసుగా పగులును. గొట్టముమీద అచ్చువేసిన ఒత్తిడి అంకె చల్లని నీటికి సంబంధించినది. వేడి పెరిగినకొలది గొట్టపు బలము తగ్గును; 43 డిగ్రీల వద్ద ఇంచుమించు సగమగును. మన సీమలో వేసవి మధ్యాహ్నము ఆ వేడి అరుదు కాదు. ఎండలో ఏండ్లకొలది పడియున్న ముక్క మరింత పెళుసుబారును. జిగురు పూసిన అతుకులలో లోపము పైకి కనబడదు. పది సార్లు ఆగిన గొట్టము పదునొకండవసారి పగులవచ్చును. తుపాకి యనగానే పెద్దలు గుండునకు భయపడుదురు. గుండు కనుగుడ్డును చీల్చగలదు గనుక ఆ భయము న్యాయమే. కాని ఇంటిలో చేసిన గాలి తుపాకిలో మొదట గాయపడునది ఎదుట నున్నవాడు గాక, దానిని ఒడిలో పెట్టుకొని పంపు కొట్టువాడు కావచ్చును.

చట్టమును గూడ తెలిసికొనవలెను. 2016 నాటి ఆయుధ నియమముల ప్రకారము నాళము 4.5 మిల్లీమీటర్లకు మించినను, గుండు శక్తి 20 జౌళ్ళకు మించినను ఆ గాలి తుపాకికి లైసెన్సు కావలెను. ప్లాస్టిక్ గొట్టముతో చేసిన దేదైనను మొదటి హద్దును సులభముగా దాటును. ఇంటిలో చేసినది గదా, ఆటకు గదా యన్నంతమాత్రమున చట్టము మినహాయింపదు. ఇంకొక మాట. పిల్లవాని చేతికి గురి సాధనము చిక్కినచో మొదటి గురి చాలవరకు పిట్టయే. దసరానాడు చూచి దండము పెట్టుకొను పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. దానినిగాని, మరి యే అడవిపిట్టనుగాని కొట్టుట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమునుబట్టి నేరమునకు దారితీయును.

కావున ఆ తండ్రిగారికి మా సమాధానము రెండు భాగములు. ప్లాస్టిక్ గొట్టములో గాలిని నిలువచేయు తుపాకిని చేయనీయకుడు. అది వద్దనుటకు కారణమును పైన చెప్పిన లెక్కతో సహా కుమారునికి చెప్పుడు. కారణము చెప్పని నిషేధమును తొమ్మిదవ తరగతి బాలుడు దొడ్డివెనుక ఉల్లంఘించును. లెక్క అర్థమైనవాడు తనంతట ఆగును. కాని అతని కుతూహలమును ఆపకుడు. దానికి నిరపాయమైన దారులు ఇంటిలోనే ఉన్నవి.

సూది లేని కొత్త ప్లాస్టిక్ సిరంజి, 10 మిల్లీలీటర్లది, ఒకటి కొనియిండు. మూతిని బొటనవ్రేలితో మూసి కడ్డీని 10 గీతనుండి 5 గీతకు నెట్టుమనుడు. సుమారు రెండు కిలోల బరువెత్తినంత బలము పట్టును. బాయిలు నియమము చేతికే తెలియును. విడిచినచో కడ్డీ తిరిగి వచ్చును. గాలి దాచిన శక్తి కంటికి కనబడును. ఒకే కొలతగల రెండు సిరంజులను సన్నని రబ్బరు గొట్టముతో కలిపి ఒకసారి గాలితోను, ఒకసారి నీటితోను నింపి నెట్టిచూడుమనుడు. గాలి స్ప్రింగువలె సాగుచు కొంత ఆలస్యముగా కదలించును. నీరు కడ్డీవలె వెంటనే కదలించును. నీటికిని గాలికిని గల తేడా ఇంతకంటె స్పష్టముగా చూపునది లేదు.

ఆపైన ఒక తుప్కిని చేయనిండు. జానెడు వెదురు ముక్క, అందులో సుళువుగా జరుగు కర్ర, నానబెట్టి నలిపిన కాగితపు ఉండలు చాలును. ఇందులో గాలి నిలువ యుండదు. చేయి నెట్టినంతసేపే బలము. కర్ర గొట్టముకంటె వ్రేలెడు పొట్టిగా నుండవలెను. అప్పుడే ముందటి ఉండ ఎగిరిన తరువాత వెనుకటి ఉండ లోపలనే నిలుచును. ఉండ వదులైనచో ఎగురదు, మరీ బిగువైనచో కదలదు. ఆ నడిమి కొలతను కనుగొనుటలోనే కవాటపు విద్య యంతయు ఉన్నది. గురి గోడమీది గీతయే కావలెను గాని ముఖము కారాదు. పెద్దలొకరు దగ్గర నుండవలెను. పాత సైకిలు వాలును, పంపు వాసరును విప్పి మరల బిగించు పని గూడ అతనికే అప్పగింపుడు.

ముషలక కవాటమును కండ్లార చూడగోరువానికి తుపాకియే అక్కరలేదు. ఎప్పుడైన కాజీపేట స్టేషనులో బండి కదలబోవునప్పుడు ప్లాట్‌ఫారముమీద నిలిచి పెట్టెలక్రింద చెవియొగ్గి వినుమనుడు. వరుసగా బుస్సు, బుస్సుమని వినబడు ధ్వని బ్రేకులనుండి గాలి విడుదలగునదే. గొట్టములో ఒత్తిడి మరల నిండినదని తెలిసికొని ఒక్కొక్క పెట్టెక్రింద ఒక్కొక్క ముషలకము జరిగి, పట్టుకొనియున్న చక్రమును విడుచుచున్నది. ఆ శబ్దమేమో ఒక బాలుడు తన చెల్లెలికి వివరించి చెప్పగలిగినచో, ప్లాస్టిక్ గొట్టముతో అతడు నేర్వదలచిన విద్య అతనికి వచ్చినట్లే.